చాక్లెట్ మ్యూజియంలో పిల్లలు చూడవలసినది

జర్మనీలోని కొలోన్ నగరంలో, రైన్ నది ఒడ్డున ఉన్న పాత రేవు ప్రాంతంలో, ఓడను తలపించే గాజు, లోహపు కట్టడంలో 1993లో ప్రారంభమైన చాక్లెట్ మ్యూజియం ఆ నగరపు ప్రధాన ఆకర్షణలలో ఒకటి. కొలోన్‌లోనే పుట్టిన స్టోల్‌వెర్క్ అనే చాక్లెట్ సంస్థను 1972లో చేతిలోకి తీసుకున్న పారిశ్రామికవేత్త హాన్స్ ఇమ్‌హోఫ్ దీనిని నెలకొల్పారు. అచ్చులు, పాత ప్రకటనలు, నాణెం వేస్తే చాక్లెట్ ఇచ్చే పాతకాలపు యంత్రాలు ఇక్కడ కొలువుదీరి ఉన్నాయి. పిల్లలతో వచ్చే కుటుంబాలలో చాలామంది మూడు మీటర్ల ఎత్తున కరిగిన చాక్లెట్‌ను చిమ్మే ఫౌంటెన్ కోసమే వస్తారు. అయితే చాక్లెట్ దుకాణంలో కాక చెట్టు మీద మొదలవుతుందని పిల్లలకు కళ్లారా చూపగలగడమే ఈ మ్యూజియం అసలు విలువ.

అందుకు తగిన చోటు గాజు పైకప్పు కింద వేడిని, తేమను నిలిపి పెంచుతున్న ఉష్ణమండల తోట. భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 20 డిగ్రీల అక్షాంశాల నడుమ మాత్రమే బాగా పండే కోకో చెట్టు రైన్ తీరపు చలికి బతకదు కనుక, చలికాలంలో కోట్లు తొడుక్కుని లోపలికి వచ్చిన పిల్లలకు అక్కడి ఉక్కపోతే తొలి పాఠమవుతుంది. కోకో పువ్వులు, కాయలు కొమ్మల చివర్లలో కాక, పనసకాయల మాదిరిగా మాను మీదనే నేరుగా పుడతాయి. చిటికెన వేలి గోరంత ఉండే ఆ పువ్వులకు పరాగసంపర్కం జరిపేవి ముఖ్యంగా నుసుముల వంటి సన్నని కీటకాలు. పూసినవాటిలో అత్యధికం రాలిపోగా, మిగిలినవి కాయలై పండడానికి ఐదారు నెలలు పడుతుంది. పండిన కాయను కోస్తే ముప్పై, నలభై గింజలు తీపి, పులుపు కలిసిన తెల్లని గుజ్జులో వరుసలుగా ఇమిడి కనిపిస్తాయి. ఆ గుజ్జులో చాక్లెట్ రుచి గాని వాసన గాని ఉండదు. పచ్చి గింజను కొరికితే చేదు, వగరు తప్ప మరేమీ తెలియదు.

ఆ చేదు గింజ చాక్లెట్‌గా మారడంలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు కర్మాగారంలో కాదు, తోట గట్టునే జరుగుతుందన్న సంగతి పెద్దలలో కూడా చాలామందికి తెలియదు. గుజ్జుతో సహా గింజలను కుప్పపోసి, లేదా చెక్కపెట్టెలలో నింపి, అరటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. ఈస్టులు గుజ్జులోని చక్కెరను ఆల్కహాలుగా, ఆ తరువాత బాక్టీరియా ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే పులుపుగా మారుస్తాయి. ఆ క్రమంలో కుప్ప లోపలి వేడి 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్‌కు చేరగా, గింజలోని మొలక చనిపోయి, కణాల గోడలు తెగి, లోపలి పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి, వేయించినప్పుడు చాక్లెట్ పరిమళంగా మారే మూలద్రవ్యాలు తయారవుతాయి. కుప్పను మధ్యమధ్య తిరగవేయకపోయినా, తొందరపడి ముందే ఎండబెట్టినా, ఆ లోపాన్ని ఎంత ఖరీదైన యంత్రమూ సరిదిద్దలేదు. మ్యూజియంలో పులియబెట్టడాన్ని వివరించే చోట పిల్లలను త్వరపెట్టకుండా నిలపడం పెద్దల బాధ్యత.

చరిత్ర విభాగంలో చిన్నపిల్లలు ఎక్కువసేపు నిలవరు కనుక రెండు విషయాలు చెబితే చాలు: మాయా, ఆజ్‌టెక్ ప్రజలు కోకోను నమిలి తినక నురుగు తేలే పానీయంగా తాగేవారు, ఆజ్‌టెక్ సామ్రాజ్యంలో ఆ గింజలు నాణేలుగా కూడా చెలామణి అయ్యాయి. కొరికి తినే చాక్లెట్ పలక వయసు రెండు శతాబ్దాలైనా నిండలేదు. గింజలోని కొవ్వును, అంటే కోకో వెన్నను, పిండి తీసే యంత్రానికి 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం పేటెంటు పొందగా, ఆ వెన్నను తిరిగి కలిపి 1847లో ఇంగ్లండులోని ఫ్రై సంస్థ పలకలు పోసింది; 1875లో స్విట్జర్లాండ్‌లో డానియల్ పీటర్ పాల చాక్లెట్‌ను రూపొందించారు.

మ్యూజియంలోనే నడిచే చిన్న తయారీశాలలో యంత్రాల పని దగ్గరగా చూడవచ్చు. 1879లో రొడాల్ఫ్ లింట్ కనుగొన్న కాంచింగ్ అనే పద్ధతిలో, చాక్లెట్ ముద్దను వెచ్చగా ఉంచి గంటల తరబడి కలియదిప్పడం వల్ల పులియబెట్టినప్పటి ఘాటైన పులుపు ఆవిరై, ప్రతి రేణువుకూ కోకో వెన్న పూతలా పడుతుంది. ఆ తరువాతది టెంపరింగ్, అంటే వేడిని క్రమపద్ధతిలో తగ్గించి, పెంచి, కోకో వెన్న సరైన రూపంలో గడ్డకట్టేలా చేయడం. ఇది కుదిరిన పలక నిగనిగలాడుతుంది, విరిస్తే టప్పుమంటుంది, ఒంటి వేడికి కొంచెం తక్కువలో కరుగుతుంది కనుక నోట్లో పెట్టగానే కరిగిపోతుంది. చివరికి ఫౌంటెన్ వద్ద సిబ్బంది సన్నని బిస్కట్‌ను కరిగిన చాక్లెట్‌లో ముంచి అందించినప్పుడు, అంతవరకు విన్నదంతా పిల్లల నాలుకకు అందుతుంది.

చెప్పడం కష్టమైనా దాటవేయకూడని విషయం మరొకటి ఉంది. ప్రపంచపు కోకోలో సగానికి పైగా పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశాలలోనే పండుతుండగా, ఆ రెండు దేశాల కోకో ప్రాంతాలలో సుమారు 15.6 లక్షల మంది బాలలు కోకో సాగులో శ్రమిస్తున్నారని 2020లో వెలువడిన షికాగో విశ్వవిద్యాలయపు అనుబంధ పరిశోధన సంస్థ నివేదిక అంచనా వేసింది. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలు తమ ఈడువారి గురించి ఈ మాటను అర్థం చేసుకోగలరు. భయపెట్టకుండా, దాచకుండా చెప్పడమే న్యాయం.

కొలోన్ వెళ్లే వీలు లేని తెలుగు కుటుంబాలు ఈ కథలోని తొలి సగాన్ని సొంత నేల మీదనే చూడవచ్చు. దేశంలో కోకో అత్యధికంగా పండే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన ఇది అంతర పంటగా పెరుగుతుంది. హైదరాబాద్‌లో 2023లో మొదలైన ‘మనం చాక్లెట్’ సంస్థ పశ్చిమ గోదావరి గింజలతో చాక్లెట్ చేస్తూ, తయారీని సందర్శకులకు చూపుతోంది. తోటకు వెళ్లిన పిల్లలు కాయను పగలగొట్టి గుజ్జు చప్పరించడంతో పాటు, గింజల ధర ఎవరు నిర్ణయిస్తారని రైతును అడగాలి. 2024లో అంతర్జాతీయ మార్కెట్‌లో టన్నుకు 12,000 డాలర్లు దాటిన ధర ఆ మరుసటి ఏడాది పడిపోయినప్పుడు ఏలూరు ప్రాంతపు రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కవలసి వచ్చింది. లండన్, న్యూయార్క్ మార్కెట్ల హెచ్చుతగ్గులు గోదావరి తీరపు తోట గట్టు దాకా ఎలా వస్తాయో ఆ రైతు కంటే బాగా వివరించగలవారు లేరు.