నలుపు తెలుపులో మాయమైన బొట్టు

నంద్యాల: "మాయమ్మ బొట్టు యాడికి పాయన్నా?"

పట్టణంలోని ఒక ఫోటో స్టూడియోలో పటం చేతికందుకున్న రైతు అడిగిన మాట ఇది. ఆళ్లగడ్డ ప్రాంతానికి చెందిన ఆయన తల్లి ముత్తైదువుగా కన్నుమూసింది. దినం నాటికి పటం కట్టించాలని, బంధువుల పెళ్లిలో సెల్‌ఫోనుతో తీసిన ఫోటో ఇచ్చి వెళ్లాడు. పందిట్లోని లైట్ల వల్ల ముఖం ఒక వంక పసుపుగా, మరో వంక ఎర్రగా పడింది. అందువల్ల స్టూడియోవారు దానిని నలుపు తెలుపులోకి మార్చారు. ముఖం తేటగా వచ్చింది. కాని నుదుట రూపాయి కాసంత ఉండవలసిన కుంకుమ బొట్టు కనిపించలేదు.

"చెరపలేదన్నా, ముఖంలో కలిసిపాయె. రంగు ఫోటో భద్రంగా ఉంది, ఇప్పుడే తెస్తా" అన్నాడు స్టూడియో అతను. పది నిమిషాల్లో బొట్టు తిరిగి వచ్చింది.

పెద్దల పటాలకు సెల్‌ఫోను ఫోటోలే ఆధారమైన ఈ రోజుల్లో ఈ సంగతి అందరూ తెలుసుకోదగినది.

రంగు ఎలా మారుతుంది?

నలుపు తెలుపు చేయడమంటే రంగును తుడిచివేయడం అనుకోవడం పరిపాటి. అది నిజం కాదు. డిజిటల్ ఫోటోలోని ప్రతి చుక్కలోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్లుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఈ మూడింటిని కలిపి ఒకే బూడిద రంగు చేయాలి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా తోస్తుంది కనుక, సాధారణ లెక్కలో నూటికి ఎరుపు 30, ఆకుపచ్చ 59, నీలం 11 పాళ్లుగా తీసుకుంటారు.

ఈ లెక్కన 255 పాళ్ల నిండు ఎరుపు 76 అవుతుంది. 128 పాళ్ల ముదురు ఆకుపచ్చ 75 అవుతుంది. అంటే పండు మిరపకాయ, దాని పక్కనున్న ఆకు ఇంచుమించు ఒకే రంగులో కనిపిస్తాయి. ఎర్రంచు ఆకుపచ్చ చీరకు అంచే లేనట్లు ఉంటుంది.

అయితే ఈ పాళ్లను మార్చుకోవచ్చు. మన చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ. ఎరుపు వాటా పెంచితే ముఖం తెల్లబడి, మచ్చలు అణగిపోతాయి. ముఖం బాగుండాలని చాలాచోట్ల చేసేది ఇదే. కాని కుంకుమ కూడా ఎరుపే కనుక, అది కూడా తెల్లబడి నుదుటిలో కలిసిపోతుంది. తండ్రి నుదుటి విభూతి రేఖలు సైతం ఇలాగే పలచబడతాయి. ఆకుపచ్చ వాటా పెంచితే బొట్టు నల్లగా నిలుస్తుంది, విభూతి తెల్లగా తేలుతుంది. దానితోపాటు ముడతలు, మచ్చలు కూడా బయటపడతాయి.

ఇది కొత్త సమస్య కాదు. తొలినాటి ఫిల్ములు ఎరుపును గ్రహించలేకపోవడంతో ఎర్రనివన్నీ నల్లగా పడేవి. తరువాత అన్ని రంగులను గ్రహించే ఫిల్ములు వచ్చాయి. అప్పుడు ఛాయాగ్రాహకులు కెమెరా ముందు పసుపు, నారింజ, ఎర్ర అద్దాలు బిగించి తమకు కావలసిన ఛాయ రాబట్టేవారు. నాడు ఫోటో తీయకముందే తేల్చుకోవలసినదానిని నేడు తీసిన తరువాత కూడా నిర్ణయించుకోవచ్చు.

ఫోటోషాప్‌లోని 'బ్లాక్ అండ్ వైట్' అమరికలో ఆరు రంగులను విడివిడిగా సవరించవచ్చు. అందులో ఎరుపును తగ్గించి, పసుపును పెంచితే ముఖం తేటగానే ఉండి బొట్టు నిలుస్తుంది. సెల్‌ఫోనులో ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్‌లో కూడా రంగు చుక్కలు నొక్కి తేడా చూసుకునే వీలుంది.

శిల్పికి కావలసింది నీడ

రాతి శిల్పాలకు పేరుగాంచిన ఆళ్లగడ్డలో ఈ విషయం మరింత ముఖ్యం. రాతిలో రంగు ఉండదు. ఫోటో చూసి మనిషి రూపం చెక్కాలంటే ముక్కు పక్క, దవడ కింద పడిన నీడే లోతును చెబుతుంది. రంగు తీసివేస్తే ఆ నీడ స్పష్టమవుతుంది. అయితే ముఖాన్ని నునుపు చేసిన పటంలో ఆ గుర్తులే పోతాయి. కాబట్టి గోడకు కట్టే పటం వేరు, విగ్రహానికి ఇచ్చే ఫోటో వేరు.

మరువరాని జాగ్రత్తలు

రంగు ఫోటోను ఎన్నడూ చెరపరాదు. నలుపు తెలుపు ప్రతిని వేరే పేరుతో దాచాలి. పాత ఫైలు మీదనే సేవ్ చేస్తే అసలు రంగు తిరిగి రాదు. కంప్యూటరు మళ్లీ రంగులద్దినా అది ఊహించి వేసిన రంగే అవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది కనుక, డాక్యుమెంటుగా పంపడం మేలు. అచ్చు వేయకముందే తెర మీద చూపమని స్టూడియోవారిని అడగాలి.

అన్నింటికంటె ముందు నుదుటి బొట్టు చూడాలి. ముత్తైదువుగా పోయిన తల్లి పటం ఆ ఇంటి గోడమీద తరతరాలు ఉంటుంది కదా!