ఏ పైరుకు ఏ రైజోబియం?



వేరుశనగ మొక్కను నెమ్మదిగా పెకలించి, వేళ్ళకంటిన మట్టి కడిగి చూడండి. ఆవగింజలంతేసి బుడిపెలు కనిపిస్తాయి. ఇది తెగులేమోనని భయపడనక్కరలేదు. ఆ బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయి. పైరు వాటికి తిండి పెడుతుంది. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ వీటిని బుడిపెలనుంచి వేరుచేసి పెంచాడు. మరుసటి సంవత్సరం జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ వీటికి రైజోబియం అని పేరు పెట్టాడు. వేళ్ళలో బ్రతికేది అని ఆ మాటకు అర్థం.

మనకు ఇంటిపేర్లున్నట్లే సూక్ష్మజీవులకూ కుటుంబాలున్నవి. వీటి కుటుంబం పేరు రైజోబియేసీ. ఇందులో అన్నీ మేలుచేసేవే అనుకోరాదు. గులాబీ, ద్రాక్ష మొదళ్ళలో కంతులు పుట్టించే ఆగ్రోబాక్టీరియం కూడా ఈ ఇంటిదే.

మొదట్లో ఏ మొక్కకు బుడిపెలు కడుతుందో దానినిబట్టి రకాలు విభజించారు. తరువాత పెరిగే తీరు కూడా చూశారు. ప్రయోగశాలలో కొన్ని మూడు నాలుగు రోజులలోనే కంటికి కనిపించేటంత పెరుగుతాయి. కొన్నిటికి వారం పడుతుంది. ఈ నిదానపు రకాలను 1982లో విడదీసి బ్రాడీరైజోబియం అన్నారు. శనగకు పనికివచ్చే రకాన్ని 1997లో మీసోరైజోబియంలో చేర్చారు. జన్యుపరీక్షలు వచ్చాక ఈ రెండింటినీ వేరే కుటుంబాలలో పెట్టారు.

"ఈ పేర్లతో మాకేం పని?" అంటారేమో. పని ఉన్నది. శనగ రైజోబియం వేరుశనగకు బుడిపెలు కట్టదు. పేరులో శనగ ఉన్నంత మాత్రాన ఆ రెండూ దగ్గరి చుట్టాలు కావు. కంది, పెసర, మినుము, అలసంద, వేరుశనగ ఒక పంక్తిలోనివి. శనగ వేరు, సోయాచిక్కుడు వేరు, బఠాణీ వేరు. తగని పొట్లం కొంటే డబ్బు దండుగ, పైరుకు నత్రజనీ అందదు. సోయాచిక్కుడు మొదటిసారి వేసే పొలంలో దానికి తగిన జీవి లేకపోవచ్చు కనుక అక్కడ మరీ జాగ్రత్త అవసరం. విస్తరణ మిత్రులు కూడా రైతు వేసే పైరేదో ముందడిగి, ఆ పైరు పేరున్న పొట్లమే ఇప్పించవలెను.

పొట్లం మీద గడువు తేదీ చూడండి. బెల్లపునీళ్ళు కాచి, బాగా చల్లార్చి, విత్తనం తడిసేటంత చిలకరించండి. సుమారు 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల పొట్లం పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తండి. ఎండ తగిలితే ఆ జీవులు చస్తాయి. శిలీంధ్రనాశిని మందు పట్టించేదైతే అది ముందు, రైజోబియం చివర.

విత్తిన 30, 40 రోజులకు ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే మీ పొలంలో నత్రజని తయారవుతున్నట్లే. తెల్లగా ఉంటే పని సాగడం లేదన్నమాట. అప్పుడు ఆ మొక్కతో సహా మీ వ్యవసాయాధికారిని కలుసుకొని సలహా తీసుకోండి.