బీడీ మాని ఈ-సిగరెట్టు పట్టినవారికి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుండి వచ్చేవారిలో కొందరు, "బీడీ మాని ఈ-సిగరెట్టు పట్టాక కూర రుచి తెలుస్తోంది సిస్టర్, ఆయాసం తగ్గింది" అంటారు. నిజమే. కాలిన పొగాకు ఆగితే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే తగ్గుతుంది.

కానీ నికోటిన్ ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది. అందుకే గుండె దడ. నోరు ఎండడం, గొంతు మంట కూడా మామూలే. పైగా 2019 నుండి మన దేశంలో వీటి అమ్మకం నిషేధం గనుక, చాటుగా కొన్నదానిలో ఏమి కలిపారో చెప్పేవారు లేరు.

బీడీ మానిన కొత్తలో కొందరికి దగ్గు, కఫం ఎక్కువవుతాయి. అయితే రెండు వారాలు దాటిన దగ్గును దానిమీదకు నెట్టవద్దు. క్షయరోగుల కొరకు ఆరోగ్యవరం వెలసిన ప్రాంతం మనది. కఫం పరీక్షకు రండి, మొహమాటపడకండి. పూర్తిగా మానదలచినవారు 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయవచ్చు.