తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుంటే ఏమవుతుంది? వాహకాలు, బంధకాల గురించి తెలుసుకుందాం

జీవామృతం కలిపి, చేతులు సరిగ్గా తుడుచుకోకుండానే మోటారు వేయడానికి పోయే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందుకే ఈ వీడియోలో కరెంటు దేనిలోంచి పోతుంది, దేనిలోంచి పోదు అన్నది మాట్లాడుకుందాం.

కరెంటును సులువుగా పోనిచ్చేవి వాహకాలు. రాగి, అల్యూమినియం, ఇనుము లాంటి లోహాలన్నీ వాహకాలే. వాటిలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ పరమాణువునూ అంటిపెట్టుకోకుండా తిరుగుతుంటాయి, అవి ఒక దిక్కుకు కదిలితే అదే కరెంటు. పోనివ్వనివి బంధకాలు: రబ్బరు, ప్లాస్టిక్, స్తంభం మీద ఉండే పింగాణీ. వైరు లోపల వాహకం, పైన బంధకం. ఎండకు ఆ తొడుగు పగిలితే వెంటనే వైరు మార్చాలి. పాలిథిన్ కవరు చుట్టి సరిపెట్టొద్దు.

ఇదంతా బడిలో చదివినదే. పొలంలో అసలు చిక్కు తడితోనే. స్వచ్ఛమైన నీళ్లలోంచి కరెంటు పెద్దగా పోదు. కానీ బోరు నీళ్లలో లవణాలు కరిగి ఉంటాయి. గోమూత్రంలో ఇంకా ఎక్కువ, కాబట్టి జీవామృతం వాహకమే! బాగా ఎండిన కర్ర బంధకం, అదే కర్ర వానకు తడిస్తే నమ్మడానికి లేదు. సోలార్ కంచె తీగకు పచ్చగడ్డి తగిలితే కరెంటు భూమిలోకి దిగిపోయి కంచె బలహీనపడేది కూడా ఇందుకే. మన ఆచ్ఛాదన పంటలు కంచె మీదికి పాకకుండా చూసుకోండి.

మన ఒళ్లూ అంతే. పొడి చర్మం లక్ష ఓమ్‌ల దాకా అడ్డుకోగలదు, తడిస్తే అది సుమారు 1,000 ఓమ్‌లకు పడిపోవచ్చు. 230 వోల్టులను 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు. పాత 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు కంటే అది తక్కువే, అయినా గుండె ఆగిపోవడానికి అంత చాలు. చెప్పులు లేకుండా తడి మడిలో నిలబడితే ఆ కరెంటుకు భూమిలోకి దారి మనమే ఇచ్చినట్టు. చేతులు కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుని, పొడి రబ్బరు చెప్పులతో, ఎండు చెక్క మీద నిలబడి స్టార్టర్ ముట్టుకోండి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. ఆపడం కుదరకపోతేనే ఎండు కర్రతో వైరును నెట్టండి. అదీ మోటారు, ఇంటి కరెంటు వరకే. 11 కేవీ తీగ తెగిపడితే ఏ కర్రా, ఏ చెప్పూ ఆపలేదు. దూరంగా ఉండి, ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా 1912కి ఫోన్ చేయండి.