శనివారం పట్నం, ఆదివారం మల్లన్న పట్నం

సంక్రాంతి వెళ్లిన రెండో శనివారం. సిద్దిపేట రైల్వే స్టేషన్‌లో చలి ఇంకా వదల్లేదు. మా అమ్మ ఒళ్లో రెండు స్టీలు డబ్బాలు. ఒకదాంట్లో పులిహోర, ఇంకోదాంట్లో పండక్కి చేసిన సకినాలు. "పట్నంల ఏం కొన్నా పిరమే. సద్ది కట్టుకపోతే సగం పైసలు మిగుల్తయి" అని రాత్రే తేల్చేసింది. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. మొత్తం ఐదుగురం. రెండు రోజులు తిరగాలి, రెండు వేలు దాటకూడదు. ఇదీ మేం పెట్టుకున్న లెక్క.

సిద్దిపేట నుంచి పట్నం వంద కిలోమీటర్ల దూరం. మా ప్రాంతంలో హైదరాబాద్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ అది పట్నమే. రాజీవ్ రహదారి మీద బస్సెక్కితే జూబ్లీ బస్ స్టేషన్, అంటే జేబీఎస్‌లో దిగుతాం. చిన్నప్పటి నుంచి తెలిసిన దారి అదొక్కటే. రైలు కోసం మాత్రం ఈ ఊరు తరాలకొద్దీ ఎదురుచూసింది. మనోహరాబాద్–కొత్తపల్లి లైను సిద్దిపేట దాకా పూర్తయ్యాక, 2023 అక్టోబరు 3న సికింద్రాబాద్‌కు మొదటి ప్యాసింజర్ రైలు కదిలింది. ఆ రోజుల్లో రైలెక్కడానికే రైలెక్కినవాళ్లు ఎందరో! ఎక్కి, గజ్వేల్‌లో దిగి, బస్సులో వెనక్కి వచ్చేవాళ్లు.

బస్సుకన్నా రైలు నెమ్మది. దుద్దెడ, కొడకండ్ల, గజ్వేల్ మీదుగా మనోహరాబాద్ చేరి, అక్కడ నిజామాబాద్ లైనులో కలిసి, మేడ్చల్, బొల్లారం దాటి సికింద్రాబాద్ చేరేసరికి మూడు గంటలు దాటుతుంది. టికెట్ మాత్రం బస్సు ఛార్జీలో సగానికి అటూఇటూగా ఉంటుంది. పిల్లలు లేచి తిరగొచ్చు. డబ్బా మూత తీసి అందరం కలిసి తినొచ్చు. నన్నడిగితే రైలు ప్రయాణమే ఆ రోజు మొదటి వినోదం.

మా అమ్మకు అరవై దాటాయి. ఆమె పట్నానికి చాలాసార్లే వెళ్లింది. ప్రతిసారీ ఆస్పత్రికే. మా నాయిన కోసం కొన్నిసార్లు, తన కళ్ల కోసం రెండుసార్లు. జేబీఎస్‌లో దిగడం, ఆటో ఎక్కడం, చీటీ కట్టడం, పొద్దుగూకకముందే తిరుగుబస్సు పట్టుకోవడం. ఆమె చూసిన పట్నం అంతే. "చార్మినార్ చూసినవా అవ్వా?" అని మనవరాలు అడిగితే "ఫొటోల చూసిన బిడ్డా" అంది. ఈ ప్రయాణం ఆ మాటతోనే ఖాయమైంది.

సికింద్రాబాద్‌లో దిగేసరికి పది దాటింది. అక్కడి నుంచి పరుగే. పన్నెండింటికి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉండాలని ముందే అనుకున్నాం. సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ దాకా ఒకే రైలు. 2020 ఫిబ్రవరిలో ఈ ఆకుపచ్చ లైను మొదలయ్యాక, మా జిల్లా నుంచి వచ్చేవాళ్లకు పాతబస్తీ బాగా దగ్గరైంది. ఎంజీబీఎస్‌లో దిగి మూసీ దాటితే మ్యూజియం. శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో తెరిచే ఉంటుంది.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన వస్తువులను 1951లో దివాన్ దేవిడీలో మొదట జనానికి చూపించారు. ఇప్పటి భవనంలోకి వచ్చింది 1968లో. ముసుగు రెబెక్కా విగ్రహం ముందు మా ఆవిడ చాలాసేపు నిలబడిపోయింది. పాలరాతి మీద పల్చటి బట్ట కప్పినట్టే ఉంటుంది. ఆ బట్టా రాయే. నేత చీరలు నేసే ఊరి మనిషి కదా, "ఈ పోగు చూడండి" అంది రాతిని చూపిస్తూ.

పన్నెండు కావస్తుంటే జనమంతా గడియారం ఉన్న హాలులోకి చేరారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. ఎవరో కుర్రాడు లేచి అమ్మకు చోటిచ్చాడు. గడియారంలో ఒక పక్క బుల్లి కమ్మరి సెకనుకో సమ్మెట దెబ్బ వేస్తూనే ఉన్నాడు. అంతలో తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ ఒకటి బయటికొచ్చింది. గంట మీద ఒకటి, రెండు, మూడు... హాలంతా గొంతు కలిపి లెక్కపెడుతోంది. మా అమ్మ కూడా. పన్నెండో దెబ్బకు బొమ్మ వెనక్కి తిరిగి తలుపేసుకుంటే చప్పట్లు మోగాయి. "మల్ల ఒంటిగంటకు ఒక్కటే కొడతడా? పన్నెండింటికి రావుడే మంచిదైంది" అంది అమ్మ. ఆ ముఖంలో వెలుగు చూస్తే, ఇన్నేళ్లు ఇక్కడికి తీసుకురానందుకు నాకు బాధేసింది.

చార్మినార్ నీడలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. లాడ్ బజార్‌లో గాజులు చూశామే కానీ కొనలేదు. బేరం చేసే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

సాయంత్రం నాలుగింటికి నుమాయిష్ తెరుస్తారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లిలో జరిగే ఈ ఎగ్జిబిషన్ కోసమే మేం జనవరిని ఎంచుకున్నాం. దీని పుట్టుక నాకు ఇష్టమైన సంగతి. హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయడానికి డబ్బు కావాలని ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని మొదలుపెట్టారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. మన ప్రవేశ టికెట్ ఏ ఆడపిల్ల చదువుకో పనికొస్తుందంటే, అది ఖర్చులా అనిపించదు.

లెక్క తప్పేది మాత్రం ఇక్కడే. అందుకే పిల్లల చేతికి తలా రెండు వందలిచ్చి, ఎలా వాడుకుంటారో మీ ఇష్టం అన్నాం. ఇక వాళ్లు ఏదీ అడగడం మానేసి ఆలోచించడం మొదలుపెట్టారు. కొడుకు చిన్న రైలెక్కి, జెయింట్ వీల్ ఎక్కి చేతులు దులుపుకున్నాడు. కూతురు గంటసేపు తిరిగి, కశ్మీర్ శాలువాలు తడిమి, లక్నో కుర్తాలు భుజాన వేసుకుని చూసి, చివరికి అవ్వకు ఒక ఉన్ని టోపీ కొంది. మేం మిర్చీ బజ్జీలు తిన్నాం. మాల్‌కు వెళ్లి ఉంటే పాప్‌కార్న్ దగ్గరే మా డబ్బు అయిపోయేది.

సినిమాకు ఈసారి టైము చాలలేదు. ఇదే ఆకుపచ్చ లైనులో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగితే సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్లు. పెద్ద తెర మీద, ఈలల మధ్య చూసే సినిమా వేరే. పిల్లలతో వెళ్లేవాళ్లు మొదటి రోజు తోపులాటకు పోవద్దు, రెండో వారం వెళ్లండి.

తిరుగు ప్రయాణం జేబీఎస్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ముగ్గురికి జీరో టికెట్లు, నాకూ అబ్బాయికీ మాత్రమే ఛార్జీ. అమ్మ ఆధార్ కార్డు చూపించి, సున్నా రాసున్న చీటీని మడిచి పర్సులో దాచుకుంది. కాసేపటికే కొత్త టోపీ పెట్టుకుని నిద్రపోయింది.

ఆదివారం కొమురవెల్లి మల్లన్న గుడికి. సంక్రాంతి నుంచి ఉగాది ముందు దాకా ఆదివారాలన్నీ మల్లన్నవే. మొదటి వారాన్ని పట్నం వారం అంటారు. ఆ వారం హైదరాబాద్ జనం కదిలి వస్తారు. రెండో వారమూ ఏం తక్కువ లేదు. నిన్న మనం వినోదం వెతుక్కుంటూ వెళ్లిన ఊరు, ఇవాళ మన దగ్గరికొచ్చి బోనం ఎత్తుకుని నిలబడింది. గంగరేగు చెట్టు కింద ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తున్నారు. ఇక్కడ పట్నమంటే ముగ్గు. తెల్లపిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి వేళ్ల సందుల్లోంచి గీతలుగా జారుతుంటే, డోలు మోగుతుంటే, పిల్లలు రెప్ప వేయకుండా చూశారు. ఇదీ వినోదమే. టికెట్ లేదు.

సాయంత్రానికి సిద్దిపేటలో కోమటి చెరువు. సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా ఈ కట్ట మీదే ఉంటుంది. ఇప్పుడు వేలాడే వంతెన, పడవలు, రాత్రి వెలిగే గ్లో గార్డెన్, డైనోసార్ బొమ్మల పార్కు వచ్చాక ప్రతి ఆదివారం జాతరే. వంతెన ఊగుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని నవ్వుతూనే దాటింది.

కట్ట మీద కూర్చుంటే పక్కన ఒక కుటుంబం. నుదుట మల్లన్న బండారి పసుపు. "అన్నా, జేబీఎస్ బస్సు ఎక్కడ దొరుకుతది? చీకటి పడకముందు ఇది కూడా చూసి పోదామని ఆగినం" అన్నాడాయన. నేను దారి చెబుతుండగానే అమ్మ డబ్బా తీసి, మిగిలిన సకినాలు కాగితంలో చుట్టి వాళ్ల పిల్ల చేతిలో పెట్టింది. "దూరం తొవ్వ బిడ్డా, బస్సుల తినుండ్రి."