గుండె బండెక్కే ముందు

2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్ మెట్రోలో ఓ రైలు నాగోలులో బయల్దేరి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లింది. రెండు లైన్లు కలిసే అమీర్‌పేటలో కూడా ఆగలేదు. అందులో మామూలు ప్రయాణికులు లేరు. ఓ డాక్టర్ల బృందం, వాళ్ల చేతిలో ఒక ఐసు పెట్టె. ఎల్బీ నగర్ కామినేని ఆసుపత్రిలో బ్రెయిన్ డెడ్ అయిన ఓ రైతు గుండె ఆ పెట్టెలో ఉంది. 21 కిలోమీటర్ల దూరం అరగంటలోపే దాటింది. జూబ్లీహిల్స్ అపోలోలో డాక్టర్ గోపాలకృష్ణ గోఖలే బృందం ఆ గుండెను మరొకరికి అమర్చింది. 2025 జనవరి 17 రాత్రి మళ్లీ అలాంటి ప్రయాణమే జరిగింది. ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మనం రైలును, అంబులెన్సుకు దారి ఖాళీ చేసే గ్రీన్ ఛానెల్‌ను, ట్రాఫిక్ పోలీసులను మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సిందే. కానీ గుండె బండెక్కడానికి ముందు ఐసీయూలో గంటల తరబడి ఓ పని జరుగుతుంది. ఆ తర్వాత ఓ కుటుంబం ఓ నిర్ణయం తీసుకుంటుంది. కష్టమంతా అక్కడే ఉంది. ఆ భాగం గురించి మనకు తెలిసింది తక్కువ.

ఎందుకంత తొందర?

ఒంట్లోంచి బయటికి తీసిన గుండెకు రక్తం అందదు. కణాల్లో అప్పటికే నిల్వ ఉన్న శక్తి ఖర్చవుతూ పోతుంది. అది పూర్తిగా అయిపోతే కండరం దెబ్బతింటుంది, కొత్త ఒంట్లో మళ్లీ సరిగా కొట్టుకోదు. అందుకే సర్జన్లు ముందుగా పొటాషియం ఎక్కువగా ఉన్న చల్లటి ద్రావణాన్ని గుండె రక్తనాళాల్లోకి పంపి దాన్ని ఆపేస్తారు. కొట్టుకోని గుండెకు శక్తి అవసరం తక్కువ. చల్లబరిస్తే ఇంకా తగ్గుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు దిగితే కణాల ఖర్చు సుమారుగా సగానికి పడిపోతుంది.

ఐసు పెట్టె అంటాం గానీ గుండెను నేరుగా ఐసులో పెట్టరు. గడ్డకట్టిందంటే కణాలు చిట్లిపోతాయి. క్రిమిరహితమైన సంచిలో చల్లటి ద్రావణం పోసి, అందులో గుండెను ఉంచి, దానిపై ఒకదాని మీద ఒకటిగా మరో రెండు సంచులు తొడుగుతారు. ఐసు వాటి బయటే ఉంటుంది. ఇంత చేసినా గుండెకు దొరికేది నాలుగు నుంచి ఆరు గంటలే. ఊపిరితిత్తులదీ దాదాపు అంతే. కాలేయం పన్నెండు గంటల దాకా, కిడ్నీలు ఒక రోజు, ఒక్కోసారి అంతకు మించి ఆగుతాయి. కిడ్నీ మామూలు అంబులెన్సులో వెళ్లగలదు. గుండెకే దారి ఖాళీ చేయించాలి.

గుండె ఆడుతుంటే చావంటారేమిటి?

ఐసీయూ బయట కూర్చున్న బంధువులు ప్రతిచోటా అడిగే ప్రశ్న ఇదే. మనిషి ఒళ్లు వెచ్చగా ఉంది, ఛాతీ లేస్తోంది, పడుతోంది, మానిటర్ మీద గీత కదులుతోంది. డాక్టరు వచ్చి 'చనిపోయారు' అంటే ఎవరు నమ్ముతారు?

తలకు బలమైన దెబ్బ తగిలినా, మెదడులో రక్తనాళం చిట్లినా లోపల వాపు వస్తుంది. పుర్రె ఎముక సాగదు కాబట్టి లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. అది రక్తపోటును మించిందంటే మెదడుకు రక్తం ఎక్కడం ఆగిపోతుంది. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట ఉన్న భాగాన్ని డాక్టర్లు బ్రెయిన్ స్టెమ్ అంటారు. ఊపిరి తీసుకోమని ఆజ్ఞ వెళ్లేది అక్కడి నుంచే. అది చచ్చిపోతే మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. మళ్లీ ఎప్పటికీ తీసుకోలేడు.

గుండె సంగతి వేరు. కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్ సంకేతం గుండెలోనే పుడుతుంది. వెంటిలేటర్ ఆక్సిజన్ అందిస్తున్నంత సేపు, కొన్ని గంటలో కొన్ని రోజులో, అది ఆడుతూనే ఉంటుంది. కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంది, అలాగని లైను వచ్చినట్టు కాదు. కోమాకూ దీనికీ తేడా కూడా ఇక్కడే ఉంది. కోమాలో ఉన్నవారి బ్రెయిన్ స్టెమ్ పనిచేస్తుంది. వాళ్లలో కొందరు కోలుకుంటారు. బ్రెయిన్ డెడ్ అయినవారు కోలుకోవడమన్నది ఉండదు.

దీన్ని ఎవరో ఒకరు చూసి తేల్చేది కాదు. 1994లో వచ్చిన అవయవమార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు ధ్రువీకరించాలి. ఆసుపత్రి బాధ్యుడు, ప్రభుత్వం ఆమోదించిన జాబితాలోని ఒక నిపుణుడు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్, వైద్యం చేస్తున్న డాక్టరు. అవయవాలు అమర్చే బృందంలోని వారెవరూ ఇందులో ఉండకూడదు. ముందుగా మత్తుమందుల ప్రభావం, ఒళ్లు బాగా చల్లబడటం లాంటి కారణాలేవీ లేవని తేల్చుకుంటారు. తర్వాత ఒక్కో పరీక్ష మొదలవుతుంది. కంటిపాప మీద టార్చి వేస్తారు, చిన్నదవుతుందా అని. కనుగుడ్డును దూది కొనతో తాకుతారు, రెప్ప పడుతుందా అని. చెవిలో ఐసునీళ్లు పోస్తారు, కళ్లు పక్కకు తిరుగుతాయా అని. గొంతులోకి గొట్టం పంపి చూస్తారు, దగ్గు వస్తుందా అని.

చివరిది ఊపిరి పరీక్ష. ఒంటికి దండిగా ఆక్సిజన్ పట్టించి వెంటిలేటర్ నుంచి విడదీస్తారు. సన్నటి గొట్టంలో ఆక్సిజన్ మాత్రం వెళ్తూ ఉంటుంది. దుప్పటి తీసేసి, ఛాతీ మీదా కడుపు మీదా కళ్లు పెట్టి కొన్ని నిమిషాలు చూస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. బ్రెయిన్ స్టెమ్‌లో ఏ కాస్త ప్రాణం ఉన్నా అంత కార్బన్ డయాక్సైడ్‌కు ఛాతీ ఎగిరిపడాలి. అది కదలకపోతే వెంటిలేటర్ మళ్లీ తగిలిస్తారు. కనీసం ఆరు గంటలు ఆగి ఈ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేస్తారు. రెండోసారి కూడా అదే ఫలితం వస్తేనే సంతకాలు.

పంజాగుట్టలోని పట్టిక

ఆసుపత్రి నుంచి కబురు పంజాగుట్టకు వెళ్తుంది. తెలంగాణలో మరణానంతర అవయవదానాన్ని చూసే జీవన్‌దాన్ పనిచేసేది అక్కడి నిమ్స్ ఆసుపత్రి ఆవరణ నుంచే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో దాని పని మొదలైంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు అదే పేరుతో వేరే వ్యవస్థ ఏర్పడింది.

అవయవం కోసం ఎదురుచూసేవాళ్ల పేర్లు ఆసుపత్రుల వారీగా ఇక్కడ నమోదై ఉంటాయి. దాత వివరాలు రాగానే పట్టిక తీస్తారు. బ్లడ్ గ్రూపు కలవాలి. గుండె అయితే ఒంటి సైజు కూడా సరిపోవాలి. ఎవరు ముందు నమోదయ్యారు, ఎవరి స్థితి విషమంగా ఉంది, ఎంత దూరంలో ఉన్నారు అన్నవి చూస్తారు. ఎవరి అవయవం ఎవరికి వెళ్లిందో రెండు కుటుంబాలకూ చెప్పరు. డబ్బున్నవాడు వరుస దాటి ముందుకు రాకుండా ఆపాలంటే ఇలా ఒకే చోట ఒకే పట్టిక ఉండాలి. దాని మీద జనానికి నమ్మకం పోతే దానాలూ ఆగిపోతాయి.

అడిగేవాళ్లు ఉండాలి

దానం అనగానే మన పత్రికలు దధీచిని తలుచుకుంటాయి. ఒక తేడా మరిచిపోతున్నాం. దధీచి తన ఎముకలను తానే ఇచ్చాడు. ఐసీయూలో ఉన్న మనిషి మాట్లాడలేడు. ఇవ్వాలా వద్దా అన్నది భార్యో, కొడుకో, తండ్రో చెప్పాలి. అదీ ఆ మనిషి ఇక లేడని విన్న కొద్ది గంటల్లోనే.

ఆ సమయంలో వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడటానికే శిక్షణ పొందిన కోఆర్డినేటర్లు ఉంటారు. చనిపోయిన సంగతి ముందు డాక్టరు చెప్పాలి, కుటుంబం దాన్ని అర్థం చేసుకోవాలి, ఆ తర్వాతే దానం మాట ఎత్తాలి. ఇది వాళ్ల మొదటి నియమం. అడిగే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పాలి. శరీరం రూపు చెడుతుందా? చెడదు, ఆపరేషన్ చేసినట్టే కుట్లు వేసి అప్పగిస్తారు. అంత్యక్రియలకు అడ్డమా? కాదు. అంగీకారం తెలిపాక అయ్యే ఖర్చు ఎవరిది? నియమాల ప్రకారం దాత కుటుంబానిది కాదు. ప్రమాదం కేసు కదా, పోలీసులు, పోస్టుమార్టం? వాళ్లకు ముందే తెలిపి, అవయవాల సేకరణతో సమన్వయం చేసుకుంటారు. వచ్చే జన్మలో ఆ అవయవం లేకుండా పుడతారేమోనని భయపడే పెద్దవాళ్లూ ఉంటారు. ఆ భయాన్ని నవ్వి కొట్టేస్తే మాట అక్కడితో ముగిసిపోతుంది.

ప్రపంచంలో మరణానంతర దానానికి పేరుపడ్డ దేశం స్పెయిన్. అక్కడ పది లక్షల జనాభాకు ఏటా దాదాపు 50 మంది దాతలు. అక్కడివాళ్లు మనకన్నా దయగలవాళ్లనేమీ కాదు. 1989లో జాతీయ సంస్థ పెట్టి, ఆసుపత్రుల్లో ఇదే బాధ్యతగా ఉండే శిక్షణ పొందిన డాక్టర్లను నియమించారు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇచ్చేవాళ్లు కనిపించారు.

అంకెలు ఏం చెబుతున్నాయి?

మన దేశ సగటు పది లక్షల మందికి ఒక్కరు కూడా లేరు, 0.8 మాత్రమే. 2024లో తెలంగాణలో 188 మంది మరణానంతర దాతలు ఉన్నారు, అంటే పది లక్షలకు 4.88. మొత్తం సంఖ్యలో తమిళనాడు ముందున్నా, జనాభా లెక్కన దేశంలో మొదటి స్థానం తెలంగాణదే. పుష్కర కాలంగా ఒక కార్యాలయం, ఒక పట్టిక, కోఆర్డినేటర్లు నిలకడగా పనిచేసిన ఫలితమిది.

అయితే సంబరపడటానికి తొందరపడకూడదు. దేశంలో జరిగే అవయవమార్పిడుల్లో ఆరింటికి ఐదు బతికున్నవాళ్లు ఇచ్చినవే. అలా ఇచ్చేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు: తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. మరణానంతర దానం పెరగనంత కాలం ఆ భారం ఇంట్లోని ఆడవాళ్ల మీదే పడుతుంది, కొరత కిడ్నీ దళారులకు బేరమవుతుంది. 1994 చట్టాన్ని పార్లమెంటు 2011లో సవరించి, అవయవ వ్యాపారానికి పదేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు, మనవలను కూడా దగ్గరి బంధువుల జాబితాలో చేర్చింది. ఆ సవరణను అమల్లోకి తెచ్చే తీర్మానం తెలంగాణ శాసనసభలో 2025 మార్చిలో గానీ నెగ్గలేదు. పద్నాలుగేళ్ల ఆలస్యం! ఇక జరగాల్సింది పెద్ద సర్కారు ఆసుపత్రుల్లో బ్రెయిన్ డెడ్ కేసులను వదలకుండా గుర్తించడం, ప్రతిచోటా కోఆర్డినేటర్లను నియమించడం. తలకు దెబ్బ తగిలిన పేదవాళ్లు ఎక్కువగా చేరేది అక్కడే.

మిగతాది మన చేతిలో ఉంది. జీవన్‌దాన్ దగ్గరా, ఆధార్ ఆధారంగా పనిచేసే జాతీయ పోర్టల్‌లోనూ ప్రతిజ్ఞ నమోదు చేసుకోవచ్చు. కానీ దాత కార్డు ఉన్నా, ఆ రోజు సంతకం కోసం డాక్టర్లు చూసేది ఇంటివాళ్ల వైపే. అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లు బైకుల మీద తిరుగుతుంటారు. ఏదైనా జరిగితే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకే ఫోను వెళ్తుంది. పిల్లాడి మనసులో ఏముందో వాళ్లకు తెలియకపోతే 'వద్దు' అనడమే వాళ్లకు సులువు. మీ ఉద్దేశం ఏదైనా, ఇస్తాననేదైనా ఇవ్వననేదైనా, ఈ వారంలోనే ఇంట్లో కనీసం ఇద్దరికి నోరు తెరిచి చెప్పండి. హెల్మెట్ మాత్రం పెట్టుకునే బయల్దేరండి.