ఇందరు మరియలలో ఏ మరియ?

కథలు రాసే అలవాటున్నదాన్ని కదా, ఏ పుస్తకం పట్టుకున్నా ముందు ఆడవాళ్ళ పేర్లే వెదుకుతాను. తెలుగు బైబిల్లో సువార్తలు చదువుతుంటే మాత్రం బుర్ర తిరిగిపోయింది. ఎటు చూసినా మరియలే! యేసు తల్లి మరియ, మగ్దలేనే మరియ, బేతనియలో మార్త తోబుట్టువు మరియ, చిన్న యాకోబు తల్లి మరియ, క్లోపా భార్య మరియ. ఈ చివరి ఇద్దరూ ఒకరేనని కొందరంటారు. మేం కథలు రాసేవాళ్ళం ఒకే కథలో ఇందరికి ఒకే పేరు ఛస్తే పెట్టం.

ఆ కాలపు యూదులకి అది మరీ ఇష్టమైన పేరు. మోషే అక్క మిర్యాము పేరు అది. హస్మోనీయ రాజవంశపు ఆడపడుచు మరియమ్నె పేరూ అదే. ఆమెని కట్టుకున్న హేరోదు రాజే క్రీ.పూ. 29లో అనుమానంతో చంపించాడు. ఆనాటి పాలస్తీనా యూదు స్త్రీలలో పేరు మిగిలినవాళ్ళని లెక్కవేస్తే సగానికి దగ్గరగా మరియలూ సలోమేలేనట.

మరి ఎవరు ఎవరో చెప్పడం ఎలా? కొడుకు పేరో, మొగుడి పేరో తగిలించడమే. సిలువ వేసినచోట ఉన్న స్త్రీలలో ఒకామెని మార్కు సలోమే అన్నాడు. మత్తయి అక్కడే జెబెదయి కుమారుల తల్లి అన్నాడు. యోహానేమో యేసు తల్లి సహోదరి అని రాశాడు. ఈ ముగ్గురూ ఒకరే అయితే శిష్యులు యాకోబు, యోహాను ఆయనకి పెద్దమ్మ కొడుకులో పిన్ని కొడుకులో అవుతారు. పండితులు ఇప్పటికీ తేల్చలేదు. (బాప్తిస్మమిచ్చు యోహాను తల అడిగిన సలోమే వేరు. సువార్తల్లో ఆ అమ్మాయికి పేరే లేదు, చరిత్రకారుడు జోసీఫస్ రాస్తే తెలిసింది.)

యేసు తమ్ముళ్ళు నలుగురి పేర్లూ మార్కు చెప్పాడు: యాకోబు, యోసే, యూదా, సీమోను. చెల్లెళ్ళు కూడా ఉన్నారన్నాడు, పేర్లు చెప్పలేదు. వీళ్ళు మరియ కన్నబిడ్డలేనని ప్రొటెస్టెంట్లలో చాలామంది అంటారు. యోసేపు మొదటి భార్య పిల్లలని తూర్పు సంఘాల మాట. కాదు, మరియ సహోదరి పిల్లలని 4వ శతాబ్దంలో జెరోము వాదించాడు. కాథలిక్కులది ఆ దారే. ఇందులో అంత తగవేముందో! మనకి అక్కచెల్లెళ్ళ పిల్లలు అన్నదమ్ములే కదా.

ఇందరిలో కొడుకుతోనూ మొగుడితోనూ పని లేకుండా ఊరిపేరుతో నిలబడింది మగ్దలేనే మరియ. గలిలయ సరస్సు పడమటి ఒడ్డున చేపలకి పేరుపడ్డ మగ్దల ఆమె ఊరు. ఏడు దయ్యాలు ఆమెని వదిలాయనీ, సొంత డబ్బు పెట్టి యేసు బృందాన్ని ఆదుకున్న స్త్రీలలో ఆమె ఒకతె అనీ లూకా చెప్తాడు. తిరిగి లేచిన యేసుని మొదట చూసింది ఆమేనంటాడు యోహాను. వేశ్య అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నట్టుండి 591లో పోప్ గ్రెగొరీ ఒక ప్రసంగంలో, లూకా పేరు చెప్పని పాపాత్మురాలినీ, బేతనియ మరియనీ, ఈమెనీ కలిపి ఒకే మనిషిని చేసేశాడు. తూర్పు సంఘాలు ఒప్పుకోలేదు. పడమటి చిత్రకారులకి మాత్రం జుట్టు విరబోసుకుని ఏడ్చే అందగత్తె దొరికింది.

బొమ్మలతో ఆగితే పోనీ అనుకుందుము. ఐర్లండులో ‘మాగ్డలీన్ లాండ్రీలు’ నడిచాయి. చెడిపోయారన్న ముద్రపడిన ఆడవాళ్ళనీ, పెళ్ళికాకుండా తల్లులైనవాళ్ళనీ, దిక్కులేని పిల్లల్నీ అక్కడుంచి, సన్యాసినుల అజమాయిషీలో జీతం లేకుండా ఊరందరి బట్టలూ ఉతికించారు. చివరిది మూతపడింది 1996లో! ఆ దేశ ప్రధాని క్షమాపణ చెప్పడానికి 2013 దాకా పట్టింది.

కాథలిక్ సంఘం 1969లో పండుగల క్యాలెండరు సవరిస్తూ ఆ ముగ్గురినీ విడదీసింది. 2016లో జూలై 22ని, అంటే ఆమె రోజుని, అపొస్తలుల పండుగలతో సమానం చేసింది. మగ్దలలో 2009లో జరిగిన తవ్వకాల్లో మొదటి శతాబ్దపు యూదుల సమాజమందిరం బయటపడింది.

అన్నట్టు, మార్కు పేర్లు చెప్పని ఆ చెల్లెళ్ళని 4వ శతాబ్దంలో ఎపిఫానియస్ అనే బిషప్ పట్టించుకున్నాడు. ఏం పేర్లు చెప్పాడనుకున్నారు? మరియ, సలోమే!